ఓడెక్కిన పందికొక్కు

మా అత్తవారింట్లో ఒక జంతువు పేరు దీపం పెట్టాక పలకకూడదు. గోడౌన్ దరిదాపుల్లో అయితే పగలు కూడా పలకకూడదు. రాత్రిపూట పామును పురుగు అనడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో పాములు లేవు. ఉన్నవి పందికొక్కులు. వాటిలో దేన్నయినా మా అత్తగారు "పెద్దాయన" అంటారు, బహువచనం కూడా వాడతారు. గోదావరి జిల్లాల మర్యాద మనుషుల దగ్గరే ఆగిపోతే ఎలా? పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దున్న ఆవిడ, "రాత్రి పెద్దాయన బెల్లం అచ్చు సగం తినేశారు" అంటే, మా మావగారికి షుగరుందని అప్పటికే విన్న నేను ఆ రోజంతా ఆయన వంక జాలిగా చూశాను.

పేరు పలికితే దానికి వినబడుతుందట. బోను పెడుతున్నామని పైకంటే ఇక ఆ ఛాయలకే రాదట. గోడలకు చెవులుంటాయంటారు కదా, మా అత్తగారి లెక్కలో ఆ చెవులు పెద్దాయనవే. అందుకని బోను పెట్టే రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. సాయంత్రం వంటింట్లోంచి ఎండుకొబ్బరి ముక్క కాలిన వాసన వస్తే, ఈ రాత్రికి బోను ఉందని ఎవరికి వారు తెలుసుకోవాలి. అప్పటినుంచీ గోడౌన్‌లోకి ఎవరూ వెళ్ళరు, ఆ చుట్టుపక్కల నోరు విప్పరు. తెల్లవారాక మావగారు స్నానం చేసి, వినాయకుడి పటం ముందు కూర్చుని, "స్వామీ, నీ వాహనాన్ని పట్టుకున్నాం, ప్రాణం తియ్యం, తప్పు కాయి" అని చెప్పుకుని, అప్పుడు తలుపు తీస్తారు. మా వారు దాన్ని బోనుతో సహా స్కూటర్ మీద తీసుకెళ్ళి కాలవ అవతల వదిలి వస్తారు. అవతలి గట్టు కొట్లవాళ్ళు తమకు పడ్డవాటిని తెచ్చి ఇవతల వదులుతారు. ఈ సంగతి రెండు గట్లవాళ్ళకీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

తాడేపల్లిగూడెంలో మాది ఉల్లిపాయలు, బెల్లం, ఎండుమిర్చి టోకు వ్యాపారం. వీధి వైపు కొట్టు, మధ్యలో గోడౌను, వెనక ఇల్లు. ఇంట్లోంచి బయటపడాలంటే గోడౌన్ లోంచి కొట్టు మీదుగా వెళ్ళాలి, లేదా పక్క సందులోంచి వెళ్ళాలి. కొట్టు మీదుగా కోడళ్ళు వెళ్ళరు. సందులోంచి వెళితే ఎక్కడికని ఎవరూ అడగరు గానీ, అందరూ తలెత్తి చూస్తారు. ఆ చూపులకు జవాబు చెప్పుకోలేక నేను చాలాసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఈ ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. ఈ మాట వచ్చినవాళ్ళందరూ అంటారు, నేనూ అంటాను. లోటు లేని ఇంట్లో ఊపిరాడటం లేదని చెప్పడానికి మాటలు దొరకవు.

ఏలూరులో ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను. ఒక ఏడాది పాఠాలు కూడా చెప్పాను. పెళ్ళిలో మా మేనత్త నా చెయ్యి పట్టుకుని, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా" అంది. నోరు మంచిగా ఉంచడమంటే మూసి ఉంచడమని నేను అర్థం చేసుకున్నాను, ఎవరూ దిద్దలేదు. ఉద్యోగం చెయ్యొద్దని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. నేను అడగలేదు కాబట్టి వద్దనే అవసరం ఎవరికీ రాలేదు. వచ్చిన చుట్టాలందరికీ "మా కోడలు ఎమ్మే" అని చెప్పేవారు. లారీ కాగితాల మీద ఇంగ్లీషు అర్థం కాకపోతే నాకు పంపేవారు. అలా ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్ళాక ఇల్లు మరీ పెద్దదైంది.

ఆ జంతువు గురించి నాకు ఈ ఇంటికి రాకముందే తెలుసు. మా అమ్మమ్మగారిది మండవల్లి. తాతగారికి అక్కడ చిల్లర కొట్టు ఉండేది. చుట్టూ చేపల చెరువులు. పందికొక్కులు చెరువు గట్లకు కలుగులు పెడితే నీరు సన్నగా కారడం మొదలై, ఒక పొద్దుటికి గండి పడుతుంది, చేపంతా పక్కవాడి చెరువులోకో కొల్లేరులోకో పోతుంది. అందుకని అక్కడివాళ్ళు దాని పేరు చెప్పడానికి భయపడేవారు కాదు. కొట్టు ముందు నిలబడి గట్టిగా, ముందూ వెనకా బూతులు చేర్చి మరీ చెప్పేవారు. కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊదేవారు. అన్నం ఎక్కువ తింటే మా అమ్మమ్మ, "పందికొక్కులా మెక్కకే" అనేది. నాకు ఆ మాట అన్నం వాసన వేసేది.

తర్వాత ఏలూరు కాలేజీ లైబ్రరీలో ఒక మధ్యాహ్నం, ఇద్దరు మోస్తే గానీ కదలని ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తుంటే ఆ మాట మళ్ళీ కనిపించింది. బండికూట్. దాని కింద సన్న అక్షరాల్లో పుట్టుక రాసి ఉంది. తెలుగు, పందికొక్కు, పంది అంటే ఇది, కొక్కు అంటే ఇది అని. అప్పటిదాకా ఆ పుస్తకంలో లాటిన్, గ్రీకు, ఫ్రెంచి తప్ప నేను చూడలేదు. లక్ష మాటల మధ్యలో మా అమ్మమ్మ తిట్టు కూర్చుని ఉంది. పక్కన చదువుకుంటున్న అమ్మాయికి చూపించాలని లేచి, లైబ్రరీలో మాట్లాడకూడదని మళ్ళీ కూర్చున్నాను. ఈ అలవాటు నాకు అప్పటినుంచే ఉందన్నమాట.

ఆ తర్వాత ఆ మాట జాడ దొరికిన చోటల్లా చదివాను. అది ఇంగ్లీషులోకి వెళ్ళి రెండు వందల ఏళ్ళు దాటింది. ఎలా వెళ్ళిందో పుస్తకాల్లో లేదు గానీ నాకు ఒక ఊహ ఉంది. మచిలీపట్నంలో తెల్లవాళ్ళ సరుకు గిడ్డంగులు ఉండేవి. ఒక పొద్దున్న గుడ్డల మూట లాగితే కింద నుంచి పిల్లి అంత జంతువు పందిలా గుర్రుమంటూ ఎవరో దొర బూటు మీదుగా పరిగెత్తి ఉంటుంది. ఏమిటది అని ఆయన అడిగి ఉంటాడు. మూట మోస్తున్న మనవాడు దాని పేరు చెప్పి ఉంటాడు. అప్పటికి మన నరసాపురం పక్క మాధవాయపాలెం కూడా ఒక రకం గుడ్డకు పేరై ఓడెక్కింది. దాని వెనకే ఇదీ ఎక్కింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా పోయింది. అక్కడ దిగినవాళ్ళకు మూతి మొనదేలిన, నేల తవ్వే జంతువొకటి కనిపిస్తే ఈ పేరే పెట్టేశారు. దానికీ మన కొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. అది కంగారూలా పొట్ట సంచిలో పిల్లల్ని పెంచుతుంది. దిక్కులేక దిగాలుగా ఉన్న మనిషిని అక్కడివాళ్ళు బండికూట్‌తో పోలుస్తారట. పైన ఆకు చెక్కుచెదరకుండా కింద దుంపల్ని తవ్వుకుపోవడానికి కూడా ఆ మాటే వాడతారట. పైనుంచి చూసేవాడికి మడి పచ్చగానే ఉంటుంది. ఆ సంగతి చదివిన రోజు నాకు ఎందుకో ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరిగాను.

రెండేళ్ళ కిందటి జూన్‌లో ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసింది. నేనే ఫోన్ చేశాను. ప్రిన్సిపాల్‌గారు మెత్తగా మాట్లాడే పెద్దావిడ. "సోమవారం పదింటికి ఎనిమిదో తరగతికి ఒక డెమో చెప్పండి. పాఠం మీ ఇష్టమండీ, పిల్లలు నిద్రపోకుండా ఉంటే చాలు. ఏదైనా ఇబ్బంది వస్తే ఈ నంబరుకే చేయండి" అన్నారు. పాఠం గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పందికొక్కు.

మా వారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. "మంచిదే. నాన్నగారికి సమయం చూసి చెబుతాను" అన్నారు. ఆ సమయం ఉల్లి ధర పడినప్పుడు రాలేదు, పెరిగినప్పుడూ రాలేదు. చివరికి, "ముందు డెమో అవనీ, తర్వాత చెబుదాం. ఆ రోజు మీ అమ్మగారింటికని చెప్పు" అన్నారు. మా అమ్మవాళ్ళ ఇల్లు ఏలూరే కాబట్టి అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి లారీ దింపించుకుని, ఎనిమిదింటికి వచ్చి నన్ను స్టేషన్‌లో దింపుతానన్నారు. బండి ఎనిమిదిన్నరకు.

ఆ వారమంతా నేను తెల్లవారగానే గోడౌన్‌లోకి వెళ్ళి పాఠం చెప్పుకున్నాను. ఇంట్లో చెప్పుకుంటే వినబడుతుంది. ఉల్లి బస్తాలకు చెబితే వాటికేం. సోమవారం పొద్దున్న కూడా స్నానం చేసి, ఏలూరు వెళ్ళడానికి నీలం నేత చీర కట్టుకుని, చివరిసారి ఒకసారి అనుకుందామని లోపలికి వెళ్ళాను. వెళ్ళాక గుర్తొచ్చింది, ముందురోజు సాయంత్రం కొబ్బరి కాలిన వాసన వచ్చిందని. నా గొడవలో నేను పట్టించుకోలేదు. మిరప బస్తాల పక్కన బోను ఉంది. అందులో పెద్దాయన ఉన్నారు.

ఇంత దగ్గరగా దాన్ని ఎప్పుడూ చూడలేదు. నల్లగా, బిరుసు వెంట్రుకలతో, బోనులో సగం తనే ఉంది. బోను తీగను కొరికీ కొరికీ అలసిపోయినట్టుంది, మూతి మీద కొంచెం గీరుకుపోయి ఉంది. నన్ను చూసి గుర్రుమంది. వెంటనే వెళ్ళిపోవలసింది. కానీ ఇంకో మూడు గంటల్లో నలభై మంది పిల్లల ముందు నిలబడాలి, ఎదురుగా కళ్ళు తెరిచి చూస్తున్న శ్రోత ఒకటి ఉంది. తలుపు దగ్గరగా వేసి, దాని ముందు నిలబడి, గొంతు తగ్గించి మొదలుపెట్టాను. "గుడ్ మార్నింగ్, చిల్డ్రన్."

పాఠం మచిలీపట్నం దాకా వచ్చేసరికి వెనక గడియ పడిన చప్పుడైంది.

ఇంటివైపు తలుపు టేకుది, గడియ బయటి వైపే ఉంది. మావగారు స్నానానికి వెళుతూ గడియ లేకపోవడం చూసి, ఎవరో మర్చిపోయారనుకుని వేశారు. బోను పెట్టిన గది కాబట్టి లోపల ఎవరని అడగలేదు. కొట్టువైపు షట్టరుకు తాళం, ఆ తాళంచెవి కూడా ఆయన దగ్గరే. నా ఫోను గదిలో దిండు కింద ఉంది.

ఆయన అడుగుల చప్పుడు ఇంకా వినబడుతోంది. అప్పుడే ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, నాకు కేక రాలేదు. మావగారిని నేను ఎప్పుడూ గట్టిగా పిలవలేదు. ఆయనకు కాఫీ ఇచ్చేటప్పుడు కూడా గ్లాసు బల్ల మీద కొంచెం చప్పుడయ్యేలా పెడతాను, అదే పిలుపు. పైగా పిలిస్తే, ఈ వేళప్పుడు బోను ఉన్న గోడౌన్‌లో ఏం చేస్తున్నావని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి సమయం చూసే పని మా వారిది. నేను ఇవన్నీ అనుకునేలోగా అడుగులు వెళ్ళిపోయాయి.

తలుపు తట్టాను. గాజులు చప్పుడవకుండా పైకి తోసుకుని మరీ తట్టాను. కాసేపటికి అవతల చీర కుచ్చిళ్ళ చప్పుడు వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను. మా అత్తగారు తలుపు దాకా వచ్చారు. మళ్ళీ తట్టాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. పాలు పోయడానికి వచ్చినామెతో గుసగుసగా అంటున్నారు.

"మాట్లాడకే. పెద్దాయన పడ్డారు. తలుపుకేసి కొట్టుకుంటున్నారు చూడు, ఎంత ఉంటారో."

"బోనులోంచి బయటికొచ్చేసుంటారేమోనండీ."

"అయితే మరీ మాట్లాడకు. ఆయన పూజ అయ్యేదాకా ఉండాల్సిందే."

నేను గట్టిగా కొట్టాను. వాళ్ళు నెమ్మదిగా అక్కడినుంచి వెళ్ళిపోయారు. "అత్తయ్యగారూ" అని పిలిచాను. వంటింట్లోంచి భోజనాల గది దాకా చేరే గొంతు అది, ఇరవై ఏళ్ళుగా అంతవరకే కొలిచి వాడుతున్నాను. అంత మందం తలుపు దాటలేదు. నా వెనక బోనులోది కూడా నాతో పాటు తీగను కొడుతోంది. ఇద్దరం కలిసి చేసిన చప్పుడు ఇంటికంతా ఒకటే చప్పుడులా వినిపించి ఉంటుంది. నాకు దాని మీద కోపం వచ్చింది. నువ్వు ఊరుకుంటే నన్ను గుర్తుపడతారు కదే అన్నాను.

పూజ గంట మోగడం మొదలైంది. మావగారి పూజ తొందరగా తేలేది కాదు. ఉల్లిపాయల ఘాటుకో మరి దేనికో కళ్ళు మండుతున్నాయి. చీరకు మిరపకాయల దుమ్ము అంటుకుంది. బస్తా మీద కూర్చుని తలుపు కింది సందులోంచి వస్తున్న వెలుతురు చూస్తూ ఉండిపోయాను. ఎనిమిది అయ్యేసరికి సందులో మా వారి స్కూటర్ ఆగింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన ఇంట్లోకి వచ్చారు. గదిలోకి వెళ్ళి బయటికి వచ్చినట్టుంది. మా అత్తగారు, "ఏవిట్రా, అప్పుడే వచ్చేశావు?" అని అడగడం, ఆయన "ఏం లేదమ్మా, మంచినీళ్ళకని" అనడం వినిపించింది. నేను ఎక్కడున్నానని ఆయన వాళ్ళమ్మను అడగలేదు. అడిగితే ఎందుకని ఆవిడ అడుగుతారు. సందులో అందరూ చూస్తారని నేనే ముందుగా ఆటోలో వెళ్ళిపోయుంటానని అనుకున్నారట, తర్వాత చెప్పారు. ఇప్పుడైనా కేక వెయ్యాలి. పక్క కొట్టువాళ్ళు అప్పటికే షట్టరు తీస్తున్నారు, వాళ్ళకు వినబడుతుంది, కోడలు గోడౌన్‌లోంచి అరిచిందని సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. నేను ఇలా ఆలోచిస్తుంటే స్కూటర్ వెళ్ళిపోయింది.

మా ఇంట్లోకి రైలు కూత బాగా వినిపిస్తుంది. బండి వచ్చింది, ఆగింది, కదిలింది. చక్రాల చప్పుడు చివరిదాకా విన్నాను.

అప్పుడు అరిచాను. ఇక పోయేదేమీ లేదు కాబట్టి గొంతు వచ్చింది. సాయం కోసం అరవలేదు, పాఠం చెప్పాను. ఆ ఇంట్లో పలకకూడని పేరుతోనే మొదలుపెట్టాను. పందికొక్కు అని గొంతు చించుకుని అరిచాను. పందికొక్కు, పిల్లలూ, ఇది మన మాట, మండవల్లిలో మా అమ్మమ్మ అన్న మాట, ఇది ఓడెక్కి సీమకు పోయింది, అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా పోయింది, శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులోకి కూడా ఎక్కి కూర్చుంది. వెళ్ళొస్తానని ఎవరినీ అడగలేదు, ఎవరూ సమయం చూసి చెప్పలేదు. పేరు అన్ని దేశాలు తిరుగుతోంది, కొక్కు మాత్రం ఇక్కడే, గూడెంలో, మా గోడౌన్‌లో బోనులో ఉంది. సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. బోనులోది మూలకు ఒదిగి నా వంకే చూస్తోంది. పూజ గంట ఆగిపోయింది.

తలుపు తీసింది మావగారే. తడి పంచె, నుదుట గంధం. వెనక మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన నన్ను చూశారు, బోనును చూశారు. చాలా నెమ్మదిగా అన్నారు.

"నువ్వున్నావా అమ్మా లోపల? ఒక్క కేకేస్తే తీసేవాణ్ణి కదా."

ఆ మాటలో వెటకారం లేదు, అదే నాకు మరీ ఒళ్ళు మండించింది. ఆయన నిజంగానే తీసేవారు. ఆ పొద్దున్నే కాదు, ఇరవై ఏళ్ళలో ఏ పొద్దున్నయినా తీసేవారేమో. తీసేవారు కాదేమో కూడా. కేక వేస్తే గానీ తెలియని సంగతి అది. గడియ వేసేముందు లోపల ఎవరైనా ఉన్నారా అని ఒక్కసారి చూడాల్సిన పని మాత్రం ఆయనకు లేదా? నాకు ఆయన మీద కోపం వచ్చింది, మా వారి మీద వచ్చింది, అందరికంటే ఎక్కువ నా మీద వచ్చింది. అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. ఉద్యోగం, డెమో, ఏలూరు, వెళ్ళిపోయిన బండి. మధ్యలో మా అత్తగారు, "అడగందే అమ్మయినా పెట్టదంటారు, మమ్మల్ని అడిగితే కదమ్మాయ్" అన్నారు. "మీరెప్పుడైనా అడిగారా అత్తయ్యగారూ, నాకేం కావాలని" అన్నాను.

మావగారు, "బస్సులుంటాయి కదమ్మా" అన్నారు. వెళ్ళమనీ కాదు, వద్దనీ కాదు. నేను గదిలోంచి ఫోను తీసుకుని, సందులోంచి, మిరప దుమ్ము చీరతో, ఎవరి వంకా చూడకుండా బస్టాండుకు నడిచాను.

బస్సు కైకరంలో ఆగింది, పుళ్ళలో ఆగింది, భీమడోలులో చాలాసేపు ఆగింది. ఏలూరు స్కూలుకు చేరేసరికి పన్నెండు దాటింది. ప్రిన్సిపాల్‌గారు మంచినీళ్ళు ఇప్పించారు. నాకు గొంతు పోయింది, మాట గాలిలా వస్తోంది. ఏం పాఠం తెచ్చారని అడిగితే చెప్పాను. ఆవిడ నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు.

"పదకొండింటికి ఇంకో అమ్మాయి డెమో చెప్పిందండీ. ఆ అమ్మాయినే తీసుకున్నాం. బండి తప్పిందని ఒక్క ఫోన్ చేసుంటే మీ కోసం ఆపేదాన్ని కదండీ. నంబరు కూడా ఇచ్చాను."

బస్సులో రెండున్నర గంటలు నా ఫోను నా చేతిలోనే ఉంది. చెయ్యాలని నాకు తోచలేదు. మర్చిపోలేదు, భయపడలేదు. నా కోసం ఒక పనిని కాసేపు ఆపమని ఎవరినైనా అడగొచ్చన్న ఊహే నాకు లేదు. టేకు తలుపు ఎప్పుడో తెరుచుకుంది. నేను ఇంకా లోపలే ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఆ సంగతి గురించే ఆలోచించాను, అంత అవమానం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

ఇంటికి వచ్చాక ఎవరూ ఏమీ అడగలేదు. బోను ఖాళీగా కడిగి బోర్లించి ఉంది. రాత్రి మా వారు, "అయిందేదో అయింది, ఈసారి నాన్నగారికి ముందే చెబుదాం" అన్నారు. చెబుదాం అన్న మాటలో చెప్పేవాళ్ళెవరో నేను అడగలేదు.

మర్నాటి నుంచి ఒక కొత్త విషయం మొదలైంది. సాయంత్రం గోడౌన్‌కు గడియ వేసేముందు మావగారు తలుపు ఓరగా తీసి, లోపలికి తొంగిచూసి, ఇల్లంతా వినబడేలా, "లోపల ఉన్నావా అమ్మా?" అని కేక వేస్తారు. వంటింట్లోంచి నేను "లేనండీ" అని బదులు చెప్పాకే గడియ పడుతుంది. బోను పెట్టిన రోజు కూడా అలాగే. మా అత్తగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఇంత గట్టిగా అరుస్తుంటే పెద్దాయన ఎందుకు పడతారంటారు. నిజంగానే అప్పట్నుంచీ పడటం తక్కువైంది, బెల్లం నష్టం పెరిగింది. ఆయన మాత్రం మానలేదు. మొదట్లో నా జవాబు ఆయనకు వినబడేది కాదు, రెండోసారి పిలిచేవారు. రెండేళ్ళలో నా గొంతు కొంచెం కొంచెం పెరిగింది. ఇప్పుడు పక్క కొట్టులో కాటా వేసే అబ్బాయి కూడా నవ్వుతాడు.

మొన్న పెదపాడులో ఒక స్కూలువాళ్ళకు ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసింది. మధ్యాహ్నం అందరూ ఇంట్లో ఉండగా నడవలో నిలబడి ఫోన్ చేశాను. మర్నాడు పదిన్నరకు రమ్మన్నారు. "ఏలూరులో దిగి బస్సు పట్టుకోవాలండీ, ఒకవేళ ఆలస్యమైతే కాసేపు ఆగుతారా?" అని అడిగాను. అవతలివైపు ఆయన, ఆగుతామండీ, దానికేముంది అన్నారు. దానికేముంది అన్న మాట విని నేను ఫోను పెట్టేసి అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. మా వారికి చెప్పలేదు. ఆయన సమయం చూడటం మొదలుపెడతారని.

సాయంత్రం వంటింట్లోంచి కొబ్బరి కాలిన వాసన వచ్చింది. మా అత్తగారు బోను పట్టుకుని మాటా పలుకూ లేకుండా గోడౌన్‌లోకి వెళ్ళి వచ్చారు. కాసేపటికి మావగారి చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు.

"లోపల ఉన్నావా అమ్మా?"

పొయ్యి కట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాను. మా అత్తగారు వేలు పెదాల మీద పెట్టుకుని నా వంక చూశారు.

"లేనండీ. రేపు పొద్దున్న పెదపాడు వెళుతున్నాను మావయ్యగారూ. అక్కడి స్కూల్లో ఉద్యోగానికి. పందికొక్కు గురించి పాఠం చెప్పాలి."

పక్క కొట్టులో కాటా చప్పుడు ఆగింది. మా అత్తగారి వేలు పెదాల మీదే ఉండిపోయింది. గోడౌన్ గడియ ఇంకా పడలేదు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఈసారి ఎవరూ పలక్కపోయినా వెళతానని నాకు తెలుసు.

"ఎన్నింటికమ్మా బండి?" అని కేకేసి అడిగారు మావగారు.